గాయపడిన మూగజీవి – మన చేతిలోని అమానతు

పొద్దున మేకలను తోలుకెళ్ళిన పిల్లవాడు మధ్యాహ్నానికల్లా ఏడుస్తూ ఇంటికి వచ్చాడనుకుందాం. రోడ్డు దాటుతుండగా ఆటో తగిలి ఒక మేక ముందుకాలు విరిగింది. దాన్ని మోసుకొచ్చి వాకిట్లో పడుకోబెట్టారు. ఇంట్లో తలొక మాట వినిపిస్తుంది. "కసాయికి కబురు పెట్టండి, ఎంతొస్తే అంత" అంటాడు పెద్దకొడుకు. "డాక్టరు ఖర్చు మేక ధర కంటే ఎక్కువవుతుంది. చెరువుగట్టున వదిలేస్తే బతికితే బతుకుతుంది, లేకపోతే లేదు" అంటాడు చిన్నకొడుకు. మూలన కూర్చున్న దాదీమా మాత్రం "నోరులేని జీవం బేటా, దాని ఉసురు పోసుకోకండి, ఏదో ఒకటి చూడండి" అంటుంది.

ఈ ముగ్గురిలో ఎవరి మాట సరైనది? చాలామంది దీన్ని డబ్బు లెక్కగానే చూస్తారు. కాని ఇది దీన్‌కు సంబంధించిన విషయం కూడా. నమాజు, రోజా గురించి అడిగినట్లే మన కొట్టంలోని పశువు గురించి కూడా ప్రళయదినాన మనల్ని అడగడం జరుగుతుంది. అందుకే ఈ నెల పాఠంలో గాయపడిన, జబ్బుపడిన పశువుల పట్ల మన బాధ్యత ఏమిటో తెలుసుకుందాం.

ఉపయోగం పోయినా హక్కు పోదు

దివ్యఖుర్ఆన్‌లో అన్ నహ్ల్ సూరా 5 నుంచి 7 వరకు ఉన్న ఆయతులలో అల్లాహ్ పశువులను తన అనుగ్రహాలుగా పేర్కొన్నాడు. వాటి వల్ల మనకు వెచ్చని వస్త్రాలు లభిస్తున్నాయి, ఆహారం లభిస్తోంది. అవి మన బరువులు మోస్తున్నాయి. పొద్దున మేతకు తోలుకెళ్ళేటప్పుడు, సాయంత్రం ఇంటికి తోలుకొచ్చేటప్పుడు అవి కంటికి అందంగా ఉంటాయన్న మాట కూడా అక్కడ ఉంది. అల్ అన్ఆమ్ సూరా 38వ ఆయతు మరో ముఖ్య విషయం తెలుపుతుంది. నేలపై సంచరించే జంతువులు, ఆకాశంలో ఎగిరే పక్షులు కూడా మనలాంటి సముదాయాలే. అంటే అవి మన కోసం తయారైన వస్తువులు మాత్రమే కావు, తమ ప్రభువును కలిగి ఉన్న ప్రాణులు. మనం వాటికి యజమానులమే, కాని అసలు యజమాని అల్లాహ్. మన చేతికి ఆయన అప్పగించిన అమానతు అది.

ఈ విషయాన్ని మన ధర్మవేత్తలు చాలా వివరంగా రాశారు. హిజ్రీ 660లో, అంటే క్రీ.శ. 1262లో మరణించిన ఇమామ్ ఇజ్జుద్దీన్ బిన్ అబ్దుస్సలామ్ డెమాస్కస్, కైరో నగరాలలో పేరుగాంచిన గొప్ప పండితుడు. ఆయన తన గ్రంథం 'ఖవాయిదుల్ అహ్కామ్'లో మనిషిపై పశువులకు ఉన్న హక్కులను వరుసగా తెలియజేశారు. అందులో మొదటిది మేత ఖర్చు. ఆ పశువు ముసలిదైనా, దానితో ఏ ప్రయోజనమూ లేనంతగా జబ్బుపడినా ఆ ఖర్చు భరించాలన్నారు. శక్తికి మించిన బరువు మోపకూడదు. దాన్ని పొడిచే, తొక్కే పశువుల మధ్య కట్టేయకూడదు. పడుకునే చోటు, నీళ్ళు తాగే చోటు బాగుండాలి. దాని పిల్లలను దాని కళ్ళెదుట జిబహ్ చేయకూడదు.

గమనించండి. పాలిచ్చేంత కాలమే మేత, దున్నేంత కాలమే నీళ్ళు అన్న లెక్క ఇందులో లేదు. దాని ఉపయోగం ముగిసిన రోజున కూడా దాని హక్కు ముగియదు.

మూడు దారులు తెరిచి ఉన్నాయి, నాలుగోది మూసి ఉంది

తన పశువును మేపలేని, లేదా మేపడానికి ఇష్టపడని యజమాని ఏం చేయాలి? ఫుకహాలు దీనికి స్పష్టమైన జవాబు ఇచ్చారు. అతను దాన్ని మేపాలి, లేదా అమ్మాలి, లేదా అది తినదగిన పశువైతే జిబహ్ చేయాలి. ఇమామ్ మాలిక్, ఇమామ్ షాఫియీ, ఇమామ్ అహ్మద్, హనఫీ పండితుల్లో ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మతుల్లాహి అలైహిమ్) అభిప్రాయం ప్రకారం, ఈ మూడింటిలో ఏదీ చేయని యజమానిని పాలకుడు బలవంతపెట్టవచ్చు. ఇమామ్ అబూ హనీఫా (రహ్) దృష్టిలో న్యాయస్థానం బలవంతపెట్టదు, కాని అల్లాహ్ దగ్గర అది అతనిపై తప్పనిసరి బాధ్యతే. అంటే బాధ్యత ఉందన్న విషయంలో భేదం లేదు.

ఈ మూడు దారుల్లోనూ లేనిది ఒక్కటే. ఆకలితో, గాయంతో దాన్ని వదిలేయడం. కాబట్టి మన ఉదాహరణలోని చిన్నకొడుకు మాట ధర్మసమ్మతం కాదు. పిల్లిని కట్టేసి, మేత వేయక, తానుగా వెతుక్కుని తినే అవకాశమూ ఇవ్వక చంపిన స్త్రీ శిక్షకు గురైందన్న హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉంది. కాలు విరిగిన మేకను చెరువుగట్టున వదిలేస్తే అదీ తానుగా వెతుక్కుని తినలేదు. తాడు లేకపోయినా అది కట్టేసినట్లే.

దైవప్రవక్త (స) మూగజీవాల బాధను ఎలా చూశారు?

హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ జాఫర్ (రజి) ఉల్లేఖనం అబూదావూద్‌లో ఉంది. దైవప్రవక్త ముహమ్మద్ (స) ఒకసారి ఒక అన్సారీ తోటలోకి వెళ్ళారు. అక్కడున్న ఒంటె ఆయనను చూసి మూలిగింది, దాని కళ్ళు నీళ్ళతో నిండాయి. ఆయన దగ్గరకు వెళ్ళి దాని చెవుల వెనుక భాగాన్ని నిమిరారు. అది శాంతించింది. తర్వాత ఆ ఒంటె ఎవరిదని అడిగారు. ఒక అన్సారీ యువకుడు ముందుకొచ్చాడు. అల్లాహ్ నీ చేతికి అప్పగించిన ఈ జీవం విషయంలో దైవభీతి లేదా, నువ్వు దీన్ని పస్తులుంచుతున్నావని, అలసిపోయేలా పని చేయిస్తున్నావని ఇది నాకు మొరపెట్టుకుంటోంది అని ఆయన మందలించారు.

ఇక్కడ వరుస చూడండి. ముందు పశువును ఊరడించారు, తర్వాతే యజమానిని పిలిచారు. బాధలో ఉన్న ప్రాణి దగ్గర మొదటి పని బాధ తగ్గించడం. తప్పెవరిదన్న విచారణ ఆ తర్వాత.

డొక్కలు ఎండిపోయిన మరో ఒంటెను చూసినప్పుడు, నోరులేని ఈ పశువుల విషయంలో అల్లాహ్‌కు భయపడమని, అవి ఆరోగ్యంగా ఉన్నప్పుడే వాటిపై ప్రయాణం చేయమని, ఆరోగ్యంగా ఉన్నప్పుడే తినమని బోధించారు. ఇదీ అబూదావూద్‌లోనిదే, హజ్రత్ సహల్ బిన్ హన్‌జలియా (రజి) ఉల్లేఖనం.

దప్పికతో మట్టి నాకుతున్న కుక్క కోసం బావిలోకి దిగి, తన తోలు మేజోడులో నీళ్ళు నింపి, దాన్ని నోట కరచుకుని పైకెక్కిన మనిషి సంగతి మన పిల్లలందరికీ తెలిసిందే. అల్లాహ్ అతన్ని క్షమించాడు. పశువుల విషయంలో కూడా మాకు పుణ్యం లభిస్తుందా అని సహాబా అడిగినప్పుడు, ప్రాణమున్న ప్రతి జీవికి చేసే మేలులో ప్రతిఫలం ఉందన్న శుభవార్త లభించింది (బుఖారీ, ముస్లిం). ఆ కుక్కకు పాలు లేవు, మాంసం లేదు, కాపలా పని కూడా లేదు. ఆ మనిషికి దాని వల్ల పైసా లాభం లేదు. అయినా అతని కర్మల తక్కెడలో అది బరువైన కర్మ అయింది. ఇక పాలిచ్చి, పిల్లలనిచ్చి మన ఇల్లు నడిపిన పశువు సంగతి వేరే చెప్పాలా?

ఖలీఫా చెయ్యి – ఒంటె పుండు

హజ్రత్ ఉమర్ (రజి) క్రీ.శ. 634 నుంచి 644 వరకు ఖలీఫాగా ఉన్నారు. ఆయన గురించి ఇబ్నె సఅద్ తన 'తబఖాత్'లో ఒక సంగతి నమోదు చేశారు. ఒంటె వీపుపై జీను ఒరుసుకుని పడిన పుండులోకి ఆయన తన చెయ్యి పెట్టి చూసేవారు. నీకున్న ఈ బాధ గురించి నన్ను అడుగుతారేమోనని భయంగా ఉంది అనేవారు. ఎన్నో దేశాలపై అధికారం ఉన్న మనిషి చీము కారే పుండును చూసి ముఖం తిప్పుకోలేదు. అది నౌకర్ల పని అనుకోలేదు.

ఆయన పాలనలోని మరో ఏర్పాటు మన పాఠానికి చాలా దగ్గరిది. మదీనా పరిసరాలలో 'హిమా' పేరుతో ఉమ్మడి మేత భూములు ఉండేవి. నఖీ అనే చోట దైవప్రవక్త (స), షరఫ్, రబజా అనే చోట్ల హజ్రత్ ఉమర్ (రజి) వీటిని ఏర్పాటు చేశారు. హునై అనే వ్యక్తిని అక్కడ నియమించినప్పుడు ఖలీఫా చేసిన ఉపదేశం బుఖారీలో ఉంది. కొద్ది ఒంటెలు, కొద్ది గొర్రెలు ఉన్నవాళ్ళను లోపలికి రానివ్వమని చెప్పారు. హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్, హజ్రత్ ఉస్మాన్ (రజి) లాంటి సంపన్నుల మందల విషయంలో మాత్రం జాగ్రత్తగా ఉండమన్నారు. కారణం కూడా చెప్పారు. వాళ్ళ పశువులు పోతే వాళ్ళకు ఖర్జూర తోటలున్నాయి, పొలాలున్నాయి. పేదవాడి పశువులు పోతే అతను పిల్లలను వెంటబెట్టుకుని ఖలీఫా గడప దగ్గరకు వస్తాడు. అప్పుడు బంగారం, వెండి ఇవ్వడం కంటే ఇప్పుడు గడ్డి, నీళ్ళు ఇవ్వడం తేలిక.

ఎంత లోతైన మాట! ఒక పేద ఇంటి గేదె చచ్చిపోతే పోయేది గేదె ఒక్కటే కాదు. పిల్లల చదువు ఫీజు పోతుంది, వడ్డీకి అప్పు వస్తుంది. కాబట్టి గాయపడిన పశువును బతికించడం ఒక కుటుంబాన్ని వడ్డీ ఊబి నుంచి కాపాడటం కూడా అవుతుంది.

తర్వాతి కాలంలో ముస్లింలు ఈ పనికి వక్ఫులు కేటాయించారు. సిరియా పండితుడు ముస్తఫా సిబాయీ (1915–1964) డెమాస్కస్‌లోని పచ్చిక మైదానం గురించి రాశారు. ముసలితనం వల్ల పనికిరాకుండా పోయి, యజమానులు మేపడం మానేసిన పశువులు ప్రాణం పోయేవరకు మేయడానికి అది వక్ఫు చేయబడిందని ఆయన తెలిపారు.

ఇక కైరో సంగతి చూడండి. మొదటి ప్రపంచయుద్ధం తర్వాత బ్రిటిష్ సైన్యం అమ్మేసిన గుర్రాలు అక్కడ బండ్లు లాగుతూ చిక్కి శల్యమయ్యాయి. 1930లో అక్కడికి వచ్చిన డొరొతీ బ్రూక్ అనే ఆంగ్ల వనిత వాటిని చూసి చలించి, 1934లో వాటి కోసం ఉచిత వైద్యశాల నెలకొల్పింది. ఆమెను అభినందించాలి. అదే సమయంలో, ఇజ్జుద్దీన్ బిన్ అబ్దుస్సలామ్ పాఠాలు చెప్పిన నగరంలో ఆ పని ఎవరో వచ్చి మొదలుపెట్టవలసి వచ్చిందేమిటని మనం మనల్ని ప్రశ్నించుకోవాలి.

వైద్యం చేసేటప్పుడు

అల్లాహ్ ఏ వ్యాధినీ దానికి మందు లేకుండా దించలేదని హదీసు (బుఖారీ). కాబట్టి దుఆ చేయాలి, మందూ వాడాలి. పశువైద్యుడు వచ్చేలోపు ఇంట్లోవాళ్ళు చేయగలిగినవి, చేయకూడనివి కొన్ని ఉన్నాయి. మన రెండు తెలుగు రాష్ట్రాలలో 1962 నంబరుకు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం సేవలు పొందవచ్చు.

రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపెట్టాలి. మాటిమాటికీ ఎత్తి చూడకూడదు. రక్తం ఆగాక కాచి చల్లార్చిన ఉప్పునీటితో గాయం కడగాలి. లీటరు నీటికి సుమారు 9 గ్రాములు, అంటే ఒకటిన్నర చిన్న చెంచాల ఉప్పు సరిపోతుంది. తర్వాత పొవిడోన్ అయోడిన్ పూయాలి. గాయంపై పేడ, మట్టి, కిరసనాయిలు వేసే అలవాటు మానుకోవాలి. పేడలో, మట్టిలో ధనుర్వాతం కలిగించే క్రిములు ఉంటాయి. గొర్రెలకు, మేకలకు అది సోకితే బతకడం కష్టం. ఈగలు వాలకుండా గాయం చుట్టూ వేపనూనె రాయవచ్చు. పురుగు పడితే డాక్టరు చెప్పిన మందు వేసి, పురుగులన్నిటినీ ఏరివేసేవరకు వదలకూడదు.

మేకకో గొర్రెకో కాలు విరిగితే దూది చుట్టి, వెదురు బద్దలు పెట్టి, విరిగిన చోటుకు పైనున్న కీలు, కిందనున్న కీలు రెండూ కదలకుండా కట్టాలి. కట్టు కింద గిట్ట చల్లబడినా, వాచినా కట్టు బిగువైందని అర్థం, వెంటనే వదులు చేయాలి. సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలలో ఎముక అతుక్కుంటుంది. ఎముక బయటికి పొడుచుకొస్తే మాత్రం ఇంటివైద్యం పనికిరాదు.

లేవలేని ఆవునో గేదెనో ఒక పక్కకే పడి ఉండనివ్వకూడదు. కింద మందంగా ఎండుగడ్డి పరిచి, రొమ్ముపై కూర్చున్నట్లు నిలబెట్టి, రెండు వైపులా గడ్డిమోపులు ఊతమివ్వాలి. నాలుగైదు గంటలకొకసారి పక్క మార్చాలి. నీరసంగా ఉన్న పశువు నోట్లో బలవంతంగా గంజి, మందు పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం తీస్తుంది.

కుక్క కరిస్తే ఆ గాయాన్ని చేతికి తొడుగు వేసుకుని, పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, అదే రోజు డాక్టరుకు చూపించాలి. రేబిస్ టీకాలు అవసరమవుతాయి.

నొప్పి తగ్గించే ఇంజెక్షన్ విషయంలో ఒక హెచ్చరిక. డైక్లోఫెనాక్ వాడిన పశువు చనిపోతే, ఆ కళేబరం తిన్న రాబందుల మూత్రపిండాలు దెబ్బతిని అవి చస్తున్నాయని తేలడంతో, పశువులకు దాని వాడకాన్ని మన దేశం 2006లో నిషేధించింది. 2023లో కీటోప్రొఫెన్, అసిక్లోఫెనాక్‌లనూ నిషేధించింది. మెలాక్సికామ్ లాంటి సురక్షితమైన మందు ఉంది. ఒక ప్రాణి బాధ తీర్చబోయి మరో ప్రాణిని చంపకూడదు కదా!

జబ్బుపడిన పశువును ఆరోగ్యంగా ఉన్నవాటిలో కలపవద్దని కూడా దైవప్రవక్త (స) ఆదేశించారు (బుఖారీ, ముస్లిం). గాలికుంటు లాంటి అంటువ్యాధుల కాలంలో ఈ ఆదేశం విలువ పశువులున్న ప్రతి ఇంటికీ తెలుసు. కొత్తగా తెచ్చిన పశువును డాక్టరు సరేననేవరకు విడిగానే ఉంచాలి.

జిబహ్, అమ్మకం – హద్దులు

వైద్యంతో లాభం లేదని డాక్టరు చెప్పినప్పుడు, తినదగిన పశువును జిబహ్ చేయడం దయలేనితనం కాదు. హజ్రత్ కఅబ్ బిన్ మాలిక్ (రజి) గొర్రెలను సల్అ కొండ దగ్గర ఒక సేవకురాలు కాసేది. ఒక గొర్రె చావుకు దగ్గరైందని గమనించి, ఆమె రాయి పగలగొట్టి దాని పదునుతో జిబహ్ చేసింది. దైవప్రవక్త (స) దాన్ని తినడానికి అనుమతించారు (బుఖారీ). దెబ్బ తగిలి, కిందపడి, కొమ్ము పోటుకు చచ్చిన పశువు హరామ్ అని, ప్రాణం ఉండగా జిబహ్ చేసినదానికి మినహాయింపు ఉందని అల్ మాయిదా సూరా 3వ ఆయతు తెలుపుతుంది. అయితే కత్తి పదునుగా ఉండాలి, పశువుకు సుఖం కలిగేలా పని జరగాలి (ముస్లిం). ఆవుల విషయంలో మన రాష్ట్రాలలో 1977 నాటి చట్టం ఉంది, దానికి లోబడే నడుచుకోవాలి. మందుల వాడకం జరుగుతున్న పశువు మాంసం, పాలు ఎన్ని రోజులు వాడకూడదో డాక్టరును అడగాలి. ఆ పాలను మంచి పాలతో కలిపి అమ్మడం మోసమే.

అమ్మడం కూడా ధర్మసమ్మతమే, కాని లోపం దాచి అమ్మడం హలాల్ కాదు. కాబట్టి పెద్దకొడుకు మాట పూర్తిగా తప్పు కాదు. కాలు విరిగిందని చెప్పి అమ్మాలి, కబురు పెట్టి సాయంత్రం వరకు నీళ్ళైనా ఇవ్వకుండా ఎండలో పడేయకూడదు. కాని నాలుగు వారాల ఓపికతో నడవగలిగే మేకను తొందరపడి వదులుకోవడంలో దీన్ లాభమూ లేదు, దున్యా లాభమూ లేదు.

ఒక్కరి వల్ల కాకపోతే పదిమంది

పేద ఇంటికి వైద్యం ఖర్చు నిజంగానే భారం. అక్కడే జమాఅత్ బాధ్యత మొదలవుతుంది. ఊళ్ళో నలుగురు కలిసి ఒకరి పొలం మూలన నీడ, నీళ్ళు, గడ్డి ఉన్న ఒక ఉమ్మడి పాక వేసుకోవచ్చు. గాయపడిన పశువులను అక్కడ ఉంచి వంతులవారీగా చూసుకోవచ్చు. ముస్లింలవే కాదు, ఊళ్ళో ఎవరి పశువైనా సరే. ప్రాణమున్న ప్రతి జీవి అన్న మాటలో యజమాని మతం ప్రస్తావన లేదు.

అయితే కొన్ని విషయాలు ముందే తేల్చుకోవాలి. యజమాని మేపలేక వదిలేసిన పశువును తీసుకుని బతికించినవాడికే అది చెందుతుందన్న ఉల్లేఖనం షఅబీ ద్వారా అబూదావూద్‌లో ఉంది. కాని కోలుకున్న పశువు ఎవరిదన్న విషయంలో ఇమామ్‌ల మధ్య అభిప్రాయభేదం ఉంది. అందుకే పశువును తీసుకునే రోజే ఇద్దరు సాక్షుల ముందు రాసుకోవడం మంచిది. అప్పగిస్తున్నాడా, కేవలం వైద్యానికి ఇస్తున్నాడా, పాలు ఎవరికి, ఖర్చు ఎవరిది అన్నవి అందులో ఉండాలి.

పాక ఖర్చును జకాతు సొమ్ముతో నడపకూడదు. జకాతు అందవలసిన ఎనిమిది వర్గాలు అత్తౌబా సూరా 60వ ఆయతులో నిర్ణయించబడి ఉన్నాయి. పశువు యజమాని జకాతుకు అర్హుడైన పేదవాడైతే అతని చేతికి ఇవ్వవచ్చు, అతను వైద్యానికి ఖర్చు చేసుకుంటాడు. పాకకు మాత్రం సదఖా, విరాళాలే వాడాలి. మసీదు కోసం వక్ఫు చేసిన స్థలాన్ని కూడా పండితులను అడగకుండా దీనికి మళ్ళించకూడదు.

మళ్ళీ మన మేక దగ్గరకు వద్దాం. అందరిలోకీ దాదీమా మాటే దీన్‌కు దగ్గరగా ఉంది. ఆమెకు ఫిఖ్హ్ గ్రంథాలు తెలియకపోవచ్చు, కాని ఆమె మనసులో దైవభీతి ఉంది. ఆ కాలికి కట్టు కట్టే పని పిల్లవాడి చేతే చేయించండి. రోజూ రెండుపూటలా నీళ్ళు పెట్టే బాధ్యత వాడికే అప్పగించండి. నెల తర్వాత ఆ మేక కుంటుతూనైనా లేచి నాలుగడుగులు వేసిన రోజు వాడు నేర్చుకునే పాఠం పుస్తకాలలో దొరకదు.

అల్లాహ్ మన చేతుల్లోని ప్రతి అమానతును కాపాడే భాగ్యాన్ని మనకు ప్రసాదించుగాక! నోరులేని జీవాల ఫిర్యాదు నుంచి ప్రళయదినాన మనల్ని రక్షించుగాక! ఆమీన్.

ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకోండి

1. మన ఇంట్లోని పశువులు, కోళ్ళలో ఉపయోగం తగ్గినవి ఏవి? వాటి మేత, నీళ్ళు కూడా తగ్గాయా?

2. పశువును మేపలేని యజమానికి షరీఅత్ చూపిన మూడు దారులు ఏవి? అందులో లేనిది ఏది?

3. మన వీధిలో పశువు గాయపడితే ఎవరిని పిలవాలి, ఎక్కడ ఉంచాలి, ఖర్చుకు ఎవరెవరు ముందుకొస్తారు?